నల్గొండ ఇంట్లో తొలి స్టోరేజ్ సర్వర్: డ్రైవ్‌ల అమరికను ఎలా నిర్ణయించుకున్నాను

ఇంట్లో మొదటిసారి స్టోరేజ్ సర్వర్ పెట్టుకోదలచినవారు సాధారణంగా ఎన్ని డ్రైవ్‌లు కొనాలి, ఏ రెయిడ్ (ఒక డ్రైవ్ చెడినా సమాచారం నిలిచేలా పలు డ్రైవ్‌లను కలిపే పద్ధతి) పెట్టాలి, చివరికి ఎన్ని టీబీలు వాడుకోవడానికి మిగులుతాయి అనే లెక్కతో పని మొదలుపెడతారు. ఈ విషయం మీద చాలాకాలం చదివి, నాకు కావలసిన అమరికను కాగితం మీద పెట్టుకున్న తర్వాత, నల్గొండలాంటి ఊళ్లో ఉండేవారు వీటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుందని నాకు స్థిరంగా అనిపిస్తున్నది. ఒక డ్రైవ్ చెడిపోయిన క్షణం నుంచి, దాని స్థానంలో మరొకటి చేరి, అందులోకి సమాచారమంతా తిరిగి నిండే వరకు ఎంతకాలం పడుతుంది? హైదరాబాద్‌లో ఉండి ఆ సాయంత్రమే డ్రైవ్ తెచ్చుకోగలవారికీ, ఇక్కడ ఉండి కొరియర్ కోసం ఎదురుచూసేవారికీ ఒకే అమరిక సరిపోదు. నేను రెండు డ్రైవ్‌ల మిర్రర్‌ను, అంటే రెండింటిలోనూ ఒకే సమాచారం ఉండే అమరికను, ఎంచుకోవడానికి ప్రధాన కారణం ఇదే కాబట్టి ఆ ఆలోచనను వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ సర్వర్‌లో ఏం ఉండబోతున్నదో చెప్పాలి, ఎందుకంటే డ్రైవ్‌ల లెక్క అక్కడి నుంచే వస్తుంది. మా బాపు నల్గొండలో ముప్పై ఏళ్లకు పైగా ఫొటో స్టూడియో నడిపారు. ఆయన దాచిన నెగటివ్‌లు, పెళ్లిళ్ల వీడియో టేపులు ఇప్పటికీ ఇంట్లో ఇనుప బీరువాలో ఉన్నాయి. దేవరకొండ, నకిరేకల్, హాలియా, మునుగోడు వైపు ఊళ్ల పెళ్లిళ్లు, బడి గ్రూపు ఫొటోలు, పాసుపుస్తకాల కోసం తీసిన చిన్న ఫొటోలు వాటిలో ఉన్నాయి. చనిపోయిన తల్లికో తండ్రికో వేరే ఫొటో ఏదీ లేదని, ఆ పాసుపుస్తకం ఫొటో నెగటివ్ దొరుకుతుందేమో చూడమని ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు. ఫిల్ము పాతబడేకొద్దీ రంగులు మారుతున్నాయి, కొన్ని టేపులకు బూజు పడుతున్నది. టేపు పూర్తిగా పాడైన నాడు స్కాన్ చేసిన ఫైలే అసలు అవుతుంది కాబట్టి, ఆ ఫైలు ఉండే చోటు నమ్మదగినదిగా ఉండాలన్నది నా పట్టుదల.

ఎంత చోటు కావాలో తెలుసుకోవడం కష్టం కాదు. 35 మి.మీ. ఫ్రేమును అంగుళానికి 2400 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే సుమారు 3400 × 2270 పిక్సెళ్లు వస్తాయి. పిక్సెల్‌కు మూడు రంగులు, రంగుకు 16 బిట్లు, అంటే ఆరు బైట్లు. కుదించని టిఫ్ ఫైలు దాదాపు 46 ఎంబీ ఉంటుంది. మా దగ్గర స్కాన్ చేయదగినవి ఇరవై వేల ఫ్రేములు ఉంటాయని అనుకుంటే 920 జీబీ అవుతుంది. మినీ డీవీ టేపు గంటకు సుమారు 13 జీబీ తీసుకుంటుంది కాబట్టి తొంభై టేపులకు 1.2 టీబీ లోపే సరిపోతుంది. ఫోన్లలోని ఫొటోలు, పిల్లల వీడియోలు, భూమి కాగితాల స్కాన్లు కలిపి మరో 600 జీబీ. మొత్తం 2.7 టీబీ, ఏడాదికి 400 జీబీ చొప్పున పెరిగినా ఐదేళ్లకు 4.7 టీబీ. జెడ్‌ఎఫ్‌ఎస్ (ఫైళ్లను డ్రైవ్‌లలో అమర్చే ఒక ఫైల్ సిస్టమ్) పూల్‌ను, అంటే డ్రైవ్‌లు కలిసిన ఉమ్మడి చోటును, 80 శాతానికి మించి నింపకపోవడం మంచిదంటారు కాబట్టి 8 టీబీ చోటులో 6.4 టీబీ వరకు నిశ్చింతగా వాడుకోవచ్చు. డ్రైవ్ తయారీదారు వెయ్యితోనూ, కంప్యూటర్ 1024తోనూ లెక్కిస్తాయి కాబట్టి 8 టీబీ డ్రైవ్ తెర మీద 7.27గా కనిపిస్తుంది, చోటు ఎక్కడికీ పోలేదు, కొలత మారిందంతే.

ఈ అంకె చేతిలో ఉంటే ఎంపికలు చాలా తగ్గిపోతాయి. నా దగ్గరున్న పాత డెస్క్‌టాప్‌లో డ్రైవ్‌లు తగిలించే సాటా పోర్టులు నాలుగున్నాయి. నాలుగు 4 టీబీ డ్రైవ్‌లను రెయిడ్-5గా పెడితే 12 టీబీ మిగులుతుంది, ఒక డ్రైవ్ పోయినా నడుస్తుంది, కాని అది కోలుకునేలోగా మిగిలిన మూడింటిలో ఏది పోయినా అంతా పోతుంది. అవే నాలుగింటిని రెయిడ్-6గా పెడితే 8 టీబీ మిగులుతుంది, ఏ రెండు పోయినా నిలబడుతుంది. రెయిడ్-10గా, అంటే రెండు మిర్రర్ జంటలుగా, పెట్టినా 8 టీబీయే, కాని ఒకటి పోయాక మిగిలిన మూడింటిలో దాని జంట డ్రైవ్ పోతేనే ప్రమాదం. రెండు 8 టీబీ డ్రైవ్‌లను మిర్రర్‌గా పెట్టినా అదే 8 టీబీ వస్తుంది, కాని రెండు డ్రైవ్‌లతోనే వస్తుంది. నా అవసరం 6.4 టీబీ దాటడం లేదు కాబట్టి రెయిడ్-5 ఇచ్చే ఆ అదనపు చోటుకు నా దగ్గర పనే లేదు.

అవసరం పెద్దదై, రెయిడ్-5 అనివార్యమైతే ఏమిటన్నది కూడా ఆలోచించాను. 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ రెయిడ్‌ను ప్రతిపాదిస్తూ రాసిన పత్రంలో ఒక సూత్రం ఉంది. డ్రైవ్‌ల సమూహం ఎంతకాలం నిలుస్తుందన్న లెక్కలో, చెడిపోయిన డ్రైవ్‌ను మార్చి సరిచేసేందుకు పట్టే సమయం భాగహారంలో కింద ఉంటుంది. అంటే ఆ సమయం పదింతలైతే సమూహపు సగటు ఆయుష్షు పదో వంతుకు పడిపోతుంది. ఒక్కో డ్రైవ్ సగటు ఆయుష్షు 30,000 గంటలనీ, సరిచేయడానికి పట్టేది 1 గంటనీ వారు అక్కడ లెక్కకు తీసుకున్నారు. రెయిడ్ గురించి మనం వినే భరోసాలకు మూలంలో ఆ ఒక్క గంట ఉందని చాలామంది గమనించరు. నా విషయంలో ఆ సంఖ్య ఎంత? నాస్ డ్రైవ్ (ఎప్పుడూ నడిచే స్టోరేజ్ సర్వర్ల కోసం చేసినది) నల్గొండ దుకాణాల్లో అడిగితే ఎక్కువగా తెప్పిస్తామంటారు. ఆన్‌లైన్‌లో మూడు నాలుగు రోజులు, పండుగలొస్తే వారం. వంద కిలోమీటర్లు వెళ్లి సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వెతకవచ్చు, కాని ఉద్యోగం చేసేవాడికి అది ఆదివారం దాకా ఆగే పని. వారంటీ కింద పంపితే వారాలు పడుతుంది. మధ్యస్థంగా వారం అనుకుంటే 168 గంటలు. డ్రైవ్ చేతికొచ్చాక 8 టీబీ నింపడానికి, సెకనుకు సగటున 160 ఎంబీ వేగంతో, 14 గంటలు. మొత్తం 182 గంటలు. అదే డ్రైవ్ ముందే అలమారలో ఉంటే 14 గంటలతో సరి. ఒక స్పేర్ డ్రైవ్ ఇంట్లో ఉంచుకోవడం వల్ల ప్రమాదకాలం పదమూడో వంతుకు తగ్గుతుంది. రెయిడ్ సంఖ్య మార్చి ఇంత సులువుగా ఇంత లాభం పొందే మార్గం నాకు కనబడలేదు.

మా బావమరిది హైదరాబాద్‌లో ఒక కంపెనీ సర్వర్లు చూసుకుంటాడు. ఆరు డ్రైవ్‌లతో రెయిడ్-జెడ్2 (రెయిడ్-6కు జెడ్‌ఎఫ్‌ఎస్ రూపం) పెట్టమని అతడు మొదట సలహా ఇచ్చాడు. మీ దగ్గర డ్రైవ్ పోతే కొత్తది ఎంతసేపట్లో పెడతారని అడిగితే, “స్పేర్ ఎప్పుడూ లోపలే ఉంటది బావా, అదే నింపుకోవడం మొదలుపెడ్తది, తెల్లారి మనిషొచ్చి చెడిపోయినదాన్ని తీసేస్తడు” అన్నాడు. అతని సలహా అతని చోటికి సరైనదే. అక్కడ మనిషి, స్పేర్, ఏసీ, జనరేటర్ అన్నీ ముందే ఉన్నాయి. అవన్నీ లేని ఇంటికి అదే అమరికను తెచ్చుకుంటే డ్రైవ్‌ల ఖర్చు, వేడి, కరెంటు మాత్రమే వస్తాయి. పైగా 3.5 అంగుళాల డ్రైవ్ ఒక్కోటి ఊరికే తిరిగినా ఐదారు వాట్లు తీసుకుంటుంది. ఏడాది పొడవునా నడిచే సర్వర్‌లో అది డ్రైవ్‌కు దాదాపు 48 యూనిట్లు.

మిర్రర్ అనుకున్నాక దాన్ని దేనితో చేయాలన్నది తర్వాతి ప్రశ్న. లైనక్స్‌లో ఎండీఆడమ్ అనే సాధనంతో చేసే మామూలు మిర్రర్ ఏళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్నది. కాని రెండు డ్రైవ్‌లలోని ఒకే బ్లాకు (సమాచారంలో ఒక చిన్న ముక్క) ఏ కారణం చేతనైనా వేర్వేరుగా కనబడితే, రెండింట్లో ఏది నిజమో తేల్చే ఆధారం దాని దగ్గర లేదు. ఒకే సర్వే నంబరుకు విస్తీర్ణం తేడాతో రెండు పహాణీ నకళ్లు బయటపడి, దేని మీదా ముద్ర లేకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ 2001లో మొదలుపెట్టి, 2005లో ఓపెన్ సోలారిస్ ద్వారా బయటికి తెచ్చిన జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ (మార్పును పట్టిచ్చే చిన్న సంఖ్య) లెక్కించి, దాన్ని ఆ బ్లాకు దగ్గర కాకుండా దాన్ని చూపే పై బ్లాకులో భద్రపరుస్తుంది. చదివినప్పుడల్లా సరిచూస్తుంది, ఒక నకలు తప్పని తేలితే రెండో డ్రైవ్‌లోని సరైన నకలును మనకు ఇచ్చి, తప్పిన చోట దాన్నే తిరిగి రాస్తుంది. నెలకోసారి స్క్రబ్ (పూల్ అంతా చదివి సరిచూసే పని) నడిపితే ఎవరూ తెరవని ఫైళ్లకు కూడా ఈ తనిఖీ జరుగుతుంది. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని నెగటివ్ స్కాన్లకు ఇది ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. ఇందుకు తన తప్పులను తానే దిద్దుకునే ఈసీసీ మెమరీ తప్పనిసరి అన్న ప్రచారం ఉంది. ఈసీసీ ఉంటే మంచిదే, కాని అది లేని కంప్యూటర్‌లో మిగతా ఫైల్ సిస్టమ్‌ల కంటే జెడ్‌ఎఫ్‌ఎస్‌కు ప్రత్యేకంగా ఎక్కువ ప్రమాదం ఏమీ లేదని ఆరెన్స్ స్వయంగా చెప్పారు.

కరెంటు విషయం ఇక్కడివారు జాగ్రత్తగా చదవాలి. రెయిడ్-5, 6 లాంటి పారిటీ రెయిడ్‌లో సమాచారం ఒక డ్రైవ్‌లోకి, దానికి సంబంధించిన పారిటీ (పోయినదాన్ని తిరిగి లెక్కగట్టడానికి ఉంచే అదనపు సమాచారం) మరో డ్రైవ్‌లోకి రాయాలి. ఆ రెండింటి మధ్యలో కరెంటు పోతే అవి ఒకదానికొకటి పొసగవు, ఆ తర్వాత ఎప్పుడో డ్రైవ్ పోయినప్పుడు ఆ తప్పు పారిటీ నుంచే సమాచారాన్ని తిరిగి కట్టాల్సి వస్తుంది. దీన్ని రైట్ హోల్ అంటారు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్‌లోని రెయిడ్-5, 6లను ముఖ్యమైన సమాచారానికి వాడవద్దని దాని అధికారిక పత్రాలే చెప్పడానికి ఇదొక కారణం. జెడ్‌ఎఫ్‌ఎస్ పాతదాని మీద రాయకుండా కొత్త చోట రాసి, అంతా పూర్తయ్యాకే చిరునామా మారుస్తుంది కాబట్టి దానికి ఈ సమస్య లేదు. అయినా కరెంటు ఏర్పాటు విడిగా చూసుకోవాలి. మన ఇళ్లలోని ఇన్వర్టర్ల వెనక మామూలు మోడ్, యూపీఎస్ మోడ్ అని రెండు ఉంటాయి. మామూలు మోడ్‌లో కరెంటు పోయి బ్యాటరీకి మారే వ్యవధి ఫ్యాన్లకు, లైట్లకు పట్టింపు లేనంతే గాని, కంప్యూటర్ పవర్ సప్లై ఆగగలిగే సుమారు 16 మిల్లీసెకన్ల కంటే ఎక్కువ కావచ్చు. యూపీఎస్ మోడ్‌లో పెట్టినా, ట్యూబ్యులర్ బ్యాటరీ అయిపోవస్తున్నదని సర్వర్‌కు చెప్పే దారి ఆ ఇన్వర్టర్‌కు సాధారణంగా ఉండదు. అందుకని ఇన్వర్టర్ తర్వాత యూఎస్‌బీ తీగ ఉన్న చిన్న యూపీఎస్ పెట్టి, నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ద్వారా బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తాను ఆగిపోయేలా ఏర్పాటు చేస్తున్నాను. ఇన్వర్టర్ సైన్ వేవ్‌దే అయి ఉండాలి.

ఇక ఎండలు. మే నెలలో నల్గొండ 44, 45 డిగ్రీలు చూస్తుంది, మధ్యాహ్నం గది లోపల కూడా 38కి తగ్గదు. నాస్ డ్రైవ్‌లకు తయారీదారులు 60 డిగ్రీల పైన కూడా అనుమతిస్తారు, కాని అది హద్దే తప్ప లక్ష్యం కాదు. 2007లో గూగుల్ ఇంజనీర్లు తమ డేటా సెంటర్లలోని డ్రైవ్‌ల మీద ప్రచురించిన అధ్యయనంలో, వేడికీ డ్రైవ్ చెడిపోవడానికీ అందరూ అనుకున్నంత సంబంధం కనబడలేదు. మూడు, నాలుగేళ్ల వయసు డ్రైవ్‌లలో మాత్రం అది స్పష్టంగా కనిపించింది. నా డ్రైవ్‌లు ఆ వయసుకు తప్పక చేరతాయి కాబట్టి, రెండు డ్రైవ్‌ల మధ్య ఒక అర ఖాళీగా వదిలి, ఎదురుగా 120 మి.మీ. ఫ్యాన్ పెట్టి, 50 దాటితే ఫోన్‌కు సందేశం వచ్చేలా చేస్తున్నాను. నాలుగింటికి బదులు రెండే డ్రైవ్‌లు ఉండటం ఇక్కడా మేలు చేస్తున్నది. అదే అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి వేరు: తొలి స్కాన్ లోపం (డ్రైవ్ తన ఉపరితలాన్ని తానే పరిశీలించుకున్నప్పుడు దొరికే లోపం) కనిపించిన డ్రైవ్, లోపం లేని డ్రైవ్ కంటే తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ. కాబట్టి ఒక్క లోపం కనిపించినా చూద్దాంలే అని ఆగకుండా అలమారలోని డ్రైవ్‌ను బయటికి తీయాలన్నది నా నియమం.

కొనేటప్పుడు సీఎంఆర్ డ్రైవేనా, అంటే సమాచారం రాసే పట్టీలు ఒకదాని మీద ఒకటి ఎక్కనిదేనా అని చూడాలి. ఎస్‌ఎంఆర్ డ్రైవ్‌లో పట్టీలు ఒకదాని మీద ఒకటి కొంత ఒరిగి ఉంటాయి కాబట్టి ఒక చోట మార్చాలంటే పక్కనున్న పెద్ద భాగాన్ని మళ్లీ రాయాలి; ఆపకుండా గంటల తరబడి రాసే రీసిల్వర్‌లో (కొత్త డ్రైవ్‌ను నింపే పనిలో) అది కుంటుపడుతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ శ్రేణిలోని 2 నుంచి 6 టీబీ డ్రైవ్‌లలో కొన్ని ఎస్‌ఎంఆర్ అని ఒప్పుకుని, ఆ తర్వాత సీఎంఆర్ డ్రైవ్‌లకు రెడ్ ప్లస్ అని పేరు పెట్టింది. 2025 ఆరంభంలో యూరప్‌లో, వాడిన సీగేట్ డ్రైవ్‌ల స్మార్ట్ చిట్టాలో (డ్రైవ్ తన వాడకాన్ని తానే నమోదు చేసుకునేది) ఉన్న గంటలను సున్నా చేసి కొత్తవిగా అమ్ముతున్నారని బయటపడింది. సీగేట్ డ్రైవ్‌లలో ఫార్మ్ అనే మరో చిట్టా ఉంటుంది, స్మార్ట్‌సీటీఎల్ అనే సాధనంతో దాన్ని కూడా చదివి రెండింటి గంటలు కలుస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. నేను రెండు డ్రైవ్‌లను వేర్వేరు అమ్మకందార్ల దగ్గర తీసుకుంటున్నాను. ఒకే పెట్టెలో వచ్చినవి ఒకే లోపంతో ఒకే కాలంలో పోవచ్చు. కొత్త డ్రైవ్‌ను నేరుగా పూల్‌లో చేర్చకుండా బ్యాడ్‌బ్లాక్స్ అనే సాధనంతో మొత్తం రాసి చదివించి పరీక్షించాలి. 8 టీబీకి నాలుగు విడతల పరీక్ష నాలుగైదు రోజులు పడుతుంది. ఆ ఓపిక పట్టడం అవసరం, ఎందుకంటే అప్పుడు బయటపడిన లోపానికి డ్రైవ్ వెనక్కి పంపే గడువు ఇంకా మిగిలి ఉంటుంది.

తొలి సర్వర్‌కు మిర్రర్‌ను సమర్థించే మరో మాట కూడా ఉంది. దాన్ని విప్పి మళ్లీ కట్టుకోవచ్చు. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఒంటరి డ్రైవ్‌కు జంటను తర్వాత కలపవచ్చు, జంట నుంచి విడదీయవచ్చు, రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి పెద్ద డ్రైవ్‌లతో మార్చి పూల్‌ను పెంచవచ్చు, లేదా మరో జంటను చేర్చవచ్చు. రెయిడ్-జెడ్‌కు ఒక్కో డ్రైవ్‌ను చేర్చే సౌకర్యం 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3లో వచ్చింది గాని, చేర్చినదాన్ని తిరిగి తీయడం కుదరదు, పాత ఫైళ్లు మళ్లీ రాసేదాకా పాత నిష్పత్తిలోనే చోటు తీసుకుంటాయి. అయితే రెండో జంట చేర్చిన తర్వాత ఏ ఒక్క జంట పూర్తిగా పోయినా పూల్ మొత్తం పోతుందని మరువకూడదు.

స్పేర్ డ్రైవ్, వేరే ఊళ్లో ఉంచే నకలు — డబ్బు ఒక్కదానికే ఉంటే ఏది ముందు? నా సమాధానం నకలే. మిర్రర్ అనేది డ్రైవ్ పోవడం నుంచి మాత్రమే కాపాడుతుంది. పొరపాటున చెరిపిన ఫోల్డర్ రెండు డ్రైవ్‌లలోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. దానికి స్నాప్‌షాట్‌లు (ఆ క్షణంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో అలా నిలిపి ఉంచేవి) ఉన్నాయి: రోజువారీవి నెల, నెలవారీవి ఏడాది ఉంచుతాను. పిడుగు, దొంగతనం, నిప్పు వస్తే స్నాప్‌షాట్ కూడా ఆ పెట్టెతో పాటే పోతుంది. 5 టీబీ పోర్టబుల్ డ్రైవ్ ఒకటి కొని, మహబూబ్‌నగర్‌లో ఉన్న మా అక్క ఇంట్లో పెడుతున్నాను. పోర్టబుల్ డ్రైవ్‌లు ఈ పరిమాణంలో సాధారణంగా ఎస్‌ఎంఆర్ అయినా, అప్పుడప్పుడు వరుసగా రాసుకునే నకలుకు ఇబ్బంది లేదు. పండుగలకు రాకపోకలు ఉండనే ఉంటాయి కాబట్టి, బతుకమ్మకో సంక్రాంతికో ఆ డ్రైవ్ ఇక్కడికి వస్తుంది, స్నాప్‌షాట్‌ల మధ్య తేడా మాత్రమే జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్ అనే ఆదేశం ద్వారా అందులో చేరుతుంది, తిరిగి వెళుతుంది. భూమి కాగితాలు కూడా ఉన్నందున దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, సంకేతపదాన్ని రాసిన కాగితాన్ని మా ఇంటి బీరువాలోనూ, బావమరిది దగ్గరా ఉంచాను. అది తెలిసిన మనిషి ఒక్కడే అయితే ఆ నకలు కుటుంబానికి పనికిరాదు.

అసలు సమాచారం ఎక్కించే ముందు ఒక పని మిగిలి ఉంది. ఖాళీ పూల్‌లో కొన్ని పనికిరాని ఫైళ్లు పోసి, సర్వర్‌ను ఆపి, ఒక డ్రైవ్ తీగ తీసి మళ్లీ నడుపుతాను. పూల్ డీగ్రేడెడ్ (ఒక డ్రైవ్ లోటుతో నడుస్తున్నది) అని చూపిస్తుందా, ఫోన్‌కు సందేశం వస్తుందా, ఏ డ్రైవ్ పోయిందో సీరియల్ నంబరుతో సహా చెబుతుందా అన్నది చూడాలి. పూల్‌ను డిస్క్ బై-ఐడీ పేర్లతో (సీరియల్ నంబరు కలిసి ఉండే పేర్లతో) కడుతున్నది, డ్రైవ్ అంచు మీద సీరియల్ నంబరు చివరి అంకెలు అతికించింది ఇందుకే. రెండు డ్రైవ్‌లలో మంచిదాన్ని బయటికి లాగితే పరిస్థితి ఇంకా కష్టమవుతుంది. తర్వాత స్పేర్ డ్రైవ్‌ను పెట్టి రీసిల్వర్ అయ్యేదాకా ఆగి, స్క్రబ్ నడిపి, ఈ మెట్లన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసి సర్వర్ తలుపు లోపల అంటిస్తాను. నేను ఊళ్లో లేనప్పుడు నా భార్య ఆ కాగితం ఒక్కటే చూసి స్పేర్ డ్రైవ్ మార్చగలగాలి. ఈ సాధన రెండోసారి ఆమె చేతులమీదుగానే చేయాలని ఇద్దరం అనుకున్నాం.